48 వారాల పథ్యం

హెపటైటిస్ సి అనే కాలేయవ్యాధికి 1991 మొదలుకొని 2013 చివరి వరకు జరిగిన చికిత్సకు ఇంటర్‌ఫెరాన్ అనే సూదిమందే ఆధారం. కొందరిలో వ్యాధిని పూర్తిగా నయం చేయగలిగిన ఆ మందు, వాడినంత కాలం దాదాపు అందరినీ ఏదో ఒక విధంగా బాధపెట్టేది కాబట్టి, దానిని తట్టుకొని చివరి వారం దాకా నిలవడమే ఒక సాధనగా మారింది. సూది వారంలో ఏ రోజు ఏ వేళకు వేసుకోవాలి, మాత్రలను దేనితో మింగాలి, ఎన్ని నీళ్లు తాగాలి, నోరు చేదెక్కి అన్నం సహించనప్పుడు ఏమి తినాలి, నిద్ర పట్టని రాత్రులను ఎలా గడపాలి వంటి నియమాలు నర్సుల అనుభవంలోంచి, రోగుల అనుభవంలోంచి కొద్దికొద్దిగా పోగయ్యాయి. వైరస్‌ను కనుగొన్నవారికి 2020లో నోబెల్ బహుమతి వచ్చింది; తరువాత వచ్చిన మాత్రల ధర మీద అమెరికా సెనెట్ విచారణే జరిపింది. ఆ రెండింటి నడుమ ఇళ్లలో గడిచిన ఈ దినచర్య చరిత్రకు అంతటి గుర్తింపు దక్కలేదు గాని, నయమైనవారి సంఖ్యలో దానికి ఉన్న వాటా తక్కువేమీ కాదు.

కాలేయం చెడినవారికి పథ్యం పెట్టడం ఏ దేశానికీ కొత్త కాదు. తెలుగు ఇళ్లలో పచ్చకామెర్లు వచ్చినవారికి నూనె, నెయ్యి, మాంసం, ఒక్కొక్కచోట ఉప్పు కూడా మాన్పించి, చప్పిడి కూడు, మజ్జిగన్నం, చెరకురసం మీద ఉంచి, పరగడుపున నేల ఉసిరి పసరు తాగించడం తరతరాల ఆచారం. పాశ్చాత్య వైద్యం కూడా 20వ శతాబ్దం మధ్య వరకు ఇంచుమించు ఇదే దారిలో నడిచి, కొవ్వు తక్కువ తిండిని, కదలకుండా పడుకోవడాన్ని ముఖ్యమైన చికిత్సగా భావించింది. ఈ నమ్మకాన్ని పద్ధతిగా పరీక్షించినది కొరియా యుద్ధకాలంలో థామస్ చామర్స్ బృందం. జపాన్‌లోని క్యోటోలో కామెర్లతో చేరిన అమెరికన్ సైనికులను వేర్వేరు జట్లుగా విడదీసి వారు జరిపిన అధ్యయనం 1955లో వెలువడింది. కఠినమైన మంచపు విశ్రాంతి వల్ల ప్రత్యేకమైన లాభమేమీ లేదనీ, మాంసకృత్తులు దండిగా ఉన్న భోజనం తిన్నవారు త్వరగా కోలుకున్నారనీ అది తేల్చింది. చప్పిడి పథ్యానికి శాస్త్రం వైపు నుంచి మద్దతు అప్పుడే సడలింది గాని, ఆచారాలు పరిశోధనా పత్రాల వేగంతో మారవు. అయితే వీరంతా ఎదుర్కొన్నది కొన్ని వారాల్లో దానంతట అదే తగ్గే తాత్కాలికమైన కామెర్ల జబ్బు. హెపటైటిస్ సి స్వభావం వేరు: అది సోకినవారిలో ఎక్కువమందికి కామెర్లే రావు, ఏళ్ల తరబడి ఏ లక్షణమూ కనిపించదు, ఈలోగా కాలేయంలో గాయపు మచ్చల వంటి పీచుకణజాలం పెరిగి, 20, 30 ఏళ్లకు కొందరిలో సిరోసిస్‌కు, అంటే కాలేయం గట్టిపడి ముడుచుకుపోయే స్థితికి, కొందరిలో క్యాన్సర్‌కు దారితీస్తుంది.

రక్తం ఎక్కించుకున్నవారికి వస్తున్న కాలేయవాపులో అధికభాగం అప్పటికి తెలిసిన ఎ, బి వైరస్‌ల వల్ల కలిగినది కాదని 1975లో హార్వే ఆల్టర్ తదితరులు చూపించారు. కారకం ఏమిటో తెలియక దానికి పెట్టిన పేరు కూడా ‘ఎ కాదు, బి కాదు’ అనేదే. కారకం దొరకకముందే చికిత్స మొదలు కావడం ఈ కథలోని విచిత్రం. 1957లో లండన్‌లో ఆలిక్ ఐజాక్స్, జాన్ లిండెన్‌మన్ కనుగొన్న ఇంటర్‌ఫెరాన్, వైరస్ సోకినప్పుడు శరీర కణాలు తామే విడుదల చేసే రక్షక పదార్థం. జన్యు సాంకేతికత వచ్చి దానిని బాక్టీరియాలో సమృద్ధిగా తయారు చేయడం వీలయ్యాక, జే హూఫ్‌నేగల్ బృందం పేరులేని ఆ వ్యాధి ఉన్న 10 మందికి దానిని ఇచ్చి చూసింది. 8 మందిలో కాలేయపు ఎంజైముల స్థాయి దిగివచ్చిందని 1986లో ప్రకటించింది. మైకేల్ హౌటన్ తదితరులు వైరస్‌ను గుర్తించినది 1989లో. 1991లో అమెరికా ప్రభుత్వం ఇంటర్‌ఫెరాన్‌ను హెపటైటిస్ సి మందుగా అనుమతించింది.

మొదట్లో మోతాదు వారానికి మూడు సూదులు, ఒక్కొక్కటి 30 లక్షల యూనిట్లు. జ్వరం వచ్చినప్పుడు ఒళ్లు కాలడం, కీళ్లు పట్టేయడం, వణుకు వంటివి కలగడంలో శరీరం సొంతంగా తయారు చేసే ఇంటర్‌ఫెరాన్‌కూ పాత్ర ఉంది కాబట్టి, దానినే బయటినుంచి పెద్ద మోతాదులో ఎక్కించినప్పుడు రోగికి ఏ జబ్బూ లేకుండానే ఫ్లూ జ్వరం వచ్చేది. సూది వేసిన కొద్ది గంటలకు మొదలయ్యే ఆ జ్వరాన్ని దాటడానికి ఏర్పడిన మొట్టమొదటి నియమం వేళకు సంబంధించినది. సూదిని పడుకోబోయే ముందు వేసుకుంటే వణుకులో కొంతభాగమైనా నిద్రలో గడిచిపోతుంది. అరగంట ముందు పారాసిటమాల్ మాత్ర వేసుకుంటే ఆ వణుకు కొంత తగ్గుతుంది. పాలిఇథిలీన్ గ్లైకాల్ అనే పదార్థపు గొలుసును తగిలించి, రక్తంలో ఎక్కువ రోజులు నిలిచేట్టు చేసిన పెగ్‌ఇంటర్‌ఫెరాన్ 2001లో వచ్చి, వారానికి ఒకే సూది సరిపోయే దశ ఏర్పడ్డాక, అమెరికాలోనూ ఐరోపాలోనూ ఉద్యోగస్తులైన రోగుల్లో చాలామందికి శుక్రవారం రాత్రి సూది రాత్రి అయింది. శనివారం పడకలో, ఆదివారం కుర్చీలో గడిపి, సోమవారం పనిలోకి వెళ్లడం ఆ లెక్క.

సూది వేసుకోవడమూ ఒక పనితనమే. మందును ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టనివ్వరాదు, సీసాను కుదపరాదు; వేసుకునే ముందు కాసేపు అరచేతుల్లో పట్టుకొని చలి విరవాలి. తొడ మీదనో బొడ్డుకు దూరంగా పొట్ట మీదనో చర్మాన్ని రెండు వేళ్లతో మడిచి పట్టి, ఆ మడతలోకి సూది దించాలి. ప్రతి వారం చోటు మార్చాలి, లేకపోతే ఎర్రని కందు తేలి వారాల తరబడి పోదు. ఈ వివరాలన్నీ రోగికి నేర్పినవారు ఎక్కువగా నర్సులే, వారు నేర్పినంత ఓపికగా మరెవరూ నేర్పలేదు కూడా.

ఒక్క ఇంటర్‌ఫెరాన్‌తో ఫలితం చాలా తక్కువ. 1998లో వెలువడిన అమెరికన్ పరీక్షలో 48 వారాలు ఇంటర్‌ఫెరాన్ మాత్రమే వాడినవారిలో నూటికి 13 మందికి, రైబావిరిన్ అనే మాత్రలను జతచేసినవారిలో 38 మందికి వైరస్ శాశ్వతంగా పోయింది. పెగ్‌ఇంటర్‌ఫెరాన్ వచ్చాక ఆ సంఖ్య 54, 56 దాకా పెరిగింది. అయితే రైబావిరిన్ తనతోపాటు తన బాధలనూ తెచ్చింది. అది ఎర్ర రక్తకణాల్లో పేరుకొని వాటిని ముందుగానే పగిలిపోయేట్టు చేస్తుంది. అందువల్ల మొదటి నెలలోనే హిమోగ్లోబిన్ రెండు మూడు గ్రాములు పడిపోయి, రోగికి మెట్లెక్కితే ఆయాసం, నిలబడితే కళ్లు తిరగడం మొదలయ్యేవి. హిమోగ్లోబిన్ 10 కంటే తగ్గితే మోతాదు తగ్గించాలి, 8.5 కంటే తగ్గితే మాత్రలు ఆపేయాలి. మామూలు రక్తహీనతకు అందరికీ తెలిసిన ఇనుము మాత్రలు ఇక్కడ పనికిరావు. లోపించినది ఇనుము కాదు. పైగా ఈ వ్యాధిలో ఇనుము కాలేయంలో పేరుకొని వాపును పెంచే అవకాశం ఉంది. ఇరుగుపొరుగువారు రక్తం పట్టడానికని చెప్పే టానిక్కులను మర్యాదగా నిరాకరించడం కూడా అందువల్ల నియమాల్లో ఒకటైంది. చర్మం పొడిబారి దురదపెట్టడం, పొడిదగ్గు, నోరు ఎండిపోవడం మామూలు కాబట్టి రోజంతా గుక్కెడు గుక్కెడుగా నీళ్లు తాగుతూ ఉండమనేవారు. మాత్రలను అన్నంతో మింగమనేవారు. సాయంత్రపు మోతాదు నిద్రను చెడగొడుతున్నప్పుడు దానిని పడుకునే వేళ నుంచి ముందుకు జరపమనేవారు. గర్భస్థ శిశువుకు ఈ మందు తీవ్రమైన హాని చేస్తుంది. అందుచేత రోగి పురుషుడైనా స్త్రీ అయినా చికిత్స జరిగినంత కాలం, ముగిశాక మరో ఆరు నెలలు గర్భం రాకుండా జాగ్రత్తపడాలన్నది మిగిలిన నియమాలన్నింటికంటె కఠినంగా అమలైన నియమం.

శరీరపు బాధలకు తోడు మనసు మీద పడే దెబ్బ చాలామందిని ఓడించింది. ఇంటర్‌ఫెరాన్ మెదడు పనితీరును మార్చి, అంతకుముందు ఏ మానసిక సమస్యా లేనివారిలో కూడా దిగులును, నిరాశను, అకారణమైన కోపాన్ని పుట్టించేది. కొందరు ఆత్మహత్య ఆలోచన దాకా వెళ్లేవారు. ఇంగ్లీషు మాట్లాడే దేశాల రోగులు ఈ కోపానికి ‘రైబా రేజ్’ అని పేరు పెట్టుకొని, అది తమ గుణం కాదు, మందు గుణం అని ఇంటివారికి ముందే చెప్పిపెట్టుకునేవారు. చిన్న మాటకే కళ్లెర్రజేసే మనిషితో ఏడాదిపాటు కాపురం చేయవలసిన భార్యకో భర్తకో ఈ ముందుమాట ఎంత అవసరమో ఊహించవచ్చు. మంచి ఆస్పత్రులు చికిత్సకు ముందే మానసిక వైద్యునిచేత పరీక్ష చేయించడం, అవసరమైతే దిగులు తగ్గించే మాత్రలను ముందుగానే మొదలుపెట్టడం ఆనవాయితీ చేసుకున్నాయి. మధ్యాహ్నం కాసేపు పడుకోవడం, శక్తి ఉన్న రోజున కొద్దిదూరమైనా నడవడం, పెద్ద పనులను ముక్కలుగా చేసుకోవడం, ముఖ్యమైన నిర్ణయాలను చికిత్స ముగిసేదాకా వాయిదా వేయడం వంటి సలహాలు వినడానికి చాలా సామాన్యంగా ఉంటాయి.

వాటి అసలు విలువ 2002లో తెలిసింది. రెండు మందులనూ నిర్దేశించిన మోతాదులో కనీసం 80 శాతం మేరకు, నిర్దేశించిన కాలంలో కనీసం 80 శాతం పాటు తీసుకున్నవారిలో వైరస్ పోయే అవకాశం మిగిలినవారి కంటె స్పష్టంగా ఎక్కువ అని జాన్ మెక్‌హచిసన్ బృందం లెక్కలు తీసి చూపింది. అంతవరకు రోగిని ఊరడించే మాటలుగా ఉన్న నీళ్లు, నిద్ర, నడక, వేళ అనేవి ఆ లెక్కతో చికిత్స ఫలితాన్ని నిర్ణయించే అంశాల్లో చేరాయి. ఇక్కడ ఒక తేడాను గమనించాలి. ఈ నియమాల్లో ఏ ఒక్కటీ వైరస్‌ను చంపదు. అవి చేసిన పని, మనిషి 30వ వారంలో విసిగి మందు మానకుండా చూడటం. ఈ రెండింటినీ కలిపేసినందువల్లనే ఆ కాలంలో ఫలానా ఆకు, ఫలానా రసం వైరస్‌ను తరిమేస్తుందన్న ప్రచారానికి అంత గిరాకీ ఏర్పడింది.

అటువంటి వాటిలో పాశ్చాత్య దేశాల్లో ఎక్కువగా అమ్ముడైనది మిల్క్ తిసిల్ అనే ముళ్లమొక్క గింజల సారం, సిలిమరిన్. ఇంటర్‌ఫెరాన్‌తో నయం కానివారికి దానిని మామూలు కంటె పెద్ద మోతాదులో ఇచ్చి చేసిన అమెరికన్ పరీక్ష ఫలితాలు 2012లో వచ్చాయి. ఉత్తుత్తి మాత్ర తిన్నవారికీ వీరికీ కాలేయపు ఎంజైముల్లో తేడా లేదు. నేల ఉసిరి విషయం కొంచెం వేరు. దానిని హెపటైటిస్ బి వైరస్ మోస్తున్నవారికి ఇచ్చినప్పుడు చాలామందిలో వైరస్ జాడ పోయిందని మద్రాసు పరిశోధకులు, బి వైరస్‌ను కనుగొన్న బరూక్ బ్లంబర్గ్‌తో కలిసి 1988లో ప్రకటించారు. ఇతర చోట్ల జరిగిన పరీక్షల్లో ఆ ఫలితం నిలబడలేదు. పైగా అది బి గురించిన మాట, సి గురించినది కాదు. కాఫీ మాత్రం ఎవరూ ఊహించనంత గౌరవం సంపాదించింది. సిరోసిస్‌కు చేరువైన వెయ్యిమందికి పైగా రోగులతో అమెరికాలో జరిగిన హాల్ట్-సి పరీక్షలో, రోజుకు మూడు కప్పులు అంతకు మించి తాగేవారిలో వ్యాధి ముదిరే వేగం తాగనివారితో పోలిస్తే దాదాపు సగమే ఉందని 2009లో తేలింది. ఆ పరీక్ష అసలు ఉద్దేశం చిన్న మోతాదు పెగ్‌ఇంటర్‌ఫెరాన్‌ను మూడున్నరేళ్లు ఇస్తే లాభం ఉందా అని చూడటం. లాభం లేదని తేలింది. ఏళ్ల తరబడి వేసిన సూదికి దక్కని కీర్తి రోగులు ఇంట్లో తమకు తాముగా తాగిన కాఫీకి దక్కింది.

జపాన్‌లో ఈ పథ్యం ఇనుము చుట్టూ తిరిగింది. కాలేయంలో పేరుకున్న ఇనుమును తగ్గించడానికి అక్కడి వైద్యులు రోగి రక్తాన్ని విడతలవారీగా తీసేసి, ఇనుము తక్కువ ఉన్న భోజనాన్ని నియమించారు. కాలేయానికి మంచిదని అక్కడివారు తరతరాలుగా తాగే షిజిమి అనే చిన్న ఆల్చిప్పల చారులో ఇనుము ఎక్కువ. కాబట్టి ఏ చారు తాగమని పెద్దలు చెబుతారో దానినే మానమని వైద్యులు చెప్పవలసి వచ్చింది. అతిమధురం వేరు నుంచి తీసిన గ్లైసిరైజిన్‌ను ఎంజైములు తగ్గడానికి నరంలోకి ఎక్కించే పద్ధతి కూడా ఆ దేశంలో చాలాకాలం సాగింది.

అన్ని దేశాల్లోనూ వివాదం లేకుండా నిలిచిన నియమం మద్యం మానడం. మద్యం ఎక్కువగా తాగేవారిలో కాలేయపు పీచుకణజాలం వేగంగా పెరుగుతుందని 1997లో ఫ్రాన్స్‌లో తియెరీ పొయినార్ బృందం నిరూపించింది. ఈ సత్యాన్ని అమలు చేసిన తీరు మాత్రం అంత మెచ్చుకోదగినది కాదు. ఆరు నెలలు చుక్క ముట్టలేదని రుజువు చేసుకుంటేనే మందు మొదలుపెడతామని చాలా ఆస్పత్రులు పెట్టిన షరతు, చికిత్స అత్యవసరమైనవారినే గుమ్మం బయట నిలబెట్టింది. 2002లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు పిలిచిన నిపుణుల సభ ఈ పట్టుదలను సడలించి, ఒక్కొక్క రోగి పరిస్థితిని బట్టి నిర్ణయించాలని సూచించింది. బరువు సంగతి కూడా ఆ కాలంలోనే ముందుకు వచ్చింది. కొద్దిపాటి బరువు తగ్గినా కాలేయంలోని కొవ్వు తగ్గుతుందని ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ పరిశోధకులు చిన్న అధ్యయనంలో చూపించారు.

హెపటైటిస్ సి వైరస్ రకాల్లో భారతదేశంలో ఎక్కువగా కనిపించే మూడో రకం వైరస్‌కు ఈ కొవ్వుతో చుట్టరికం మరీ దగ్గరిది. ఆ రకానికి 24 వారాల చికిత్సే సరిపోవడం, నయమయ్యేవారి శాతం ఎక్కువగా ఉండటం ఇక్కడి రోగులకు కలిసివచ్చిన అంశాలు; మందు ధర కలిసిరాని అంశం. హెపటైటిస్ బి టీకాను 1997లో దేశీయంగా తయారు చేసిన హైదరాబాద్ సంస్థ శాంతా బయోటెక్నిక్స్, తరువాత షాన్‌ఫెరాన్ పేరుతో ఇంటర్‌ఫెరాన్‌ను కూడా తెచ్చి ఆ భారాన్ని కొంత తగ్గించింది. తెలుగు ఇళ్లలో ఎదురైన చిక్కు మరొకటి. కాలేయం జబ్బు అనగానే పెద్దలు పెట్టే చప్పిడి పథ్యం, ఆకలి చచ్చి బరువు కోల్పోతున్న ఇంటర్‌ఫెరాన్ రోగికి సరిగ్గా వ్యతిరేకమైన తిండి. అతనికి కావలసినవి పప్పు, గుడ్డు, పెరుగు, చేప, కొద్దికొద్దిగా పలుమార్లు తినడం.

ఈ వైరుధ్యం 2011లో పరాకాష్ఠకు చేరింది. ఆ ఏడాది మే నెలలో అమెరికాలో అనుమతి పొందిన టెలాప్రెవిర్ మాత్రలు, ఇంటర్‌ఫెరాన్, రైబావిరిన్‌లకు మూడోదిగా చేరి, మొండిదైన మొదటి రకం వైరస్‌లో కూడా నయమయ్యేవారి శాతాన్ని బాగా పెంచాయి. ఆ మాత్ర కొవ్వు లేనిదే ఒంటికి పట్టదు. అందుచేత ఎనిమిది గంటలకొకసారి, 12 వారాల పాటు, ప్రతి మోతాదుతో సుమారు 20 గ్రాముల కొవ్వు తినాలని నియమం పెట్టారు. జున్ను, వేరుశనగ ముద్ద, ఐస్‌క్రీమ్, గుప్పెడు గింజలు కొలిచి పెట్టుకొని, అలారం మోగినప్పుడు వాంతి వస్తున్నా వాటిని మింగి, పైన మాత్ర వేసుకోవడం రోగుల నిత్యకృత్యమైంది. మూడు మోతాదుల్లో ఒకటి కొందరికి నిద్రవేళల్లోకి జరిగేది. కొవ్వు వద్దన్న వైద్యమే అర్ధశతాబ్దం తిరిగేసరికి కొవ్వును తూకం వేసి తినిపించింది. దీనికి తోడు కొందరికి ఒళ్లంతా తీవ్రమైన దద్దుర్లు, మలద్వారం దగ్గర మంట. మూడున్నరేళ్లు నిండే లోపే ఆ మాత్ర మార్కెట్‌ను వదిలిపోతున్నప్పుడు చింతించినవారు ఉండి ఉండరు.

దానిని తొలగించినది 2013 డిసెంబరులో వచ్చిన సోఫోస్‌బువిర్. రోజుకు ఒక మాత్ర, మాత్రకు వెయ్యి డాలర్లు, 12 వారాలకు 84 వేల డాలర్లు. మరుసటి ఏడాది దానికి జతమాత్రలు వచ్చి ఇంటర్‌ఫెరాన్ అవసరాన్ని దాదాపుగా తీసివేశాయి. 2015లో హైదరాబాద్‌కు చెందిన నాట్కో, హెటెరో సంస్థలు తయారు చేసిన సోఫోస్‌బువిర్, అమెరికన్ ధరలో అతి చిన్న భాగానికే భారతదేశంలో దొరకసాగింది. 2018 జూలై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం ఈ మందులను ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితంగా అందజేస్తున్నది. నయమయ్యేవారు నూటికి 90 దాటారు. శుక్రవారం రాత్రి సూది, కొలిచిన కొవ్వు, ఇంటివారికి చెప్పిపెట్టుకున్న కోపపు ముందుమాట అక్కరలేకుండా పోయాయి. వాటి స్థానంలో మిగిలినవి కొద్ది జాగ్రత్తలే: వెల్‌పటాస్‌విర్ వంటి మాత్రలు కడుపులో ఆమ్లం ఉంటేనే ఒంటికి పడతాయి కాబట్టి గ్యాస్ మాత్రలను వైద్యునికి చెప్పకుండా వేసుకోకపోవడం, అప్పటికే సిరోసిస్ ఏర్పడినవారు వైరస్ పోయాక కూడా ఆరు నెలలకొకసారి స్కానింగ్ చేయించుకోవడం, మద్యం జోలికి పోకపోవడం.

పాత దినచర్య పూర్తిగా అంతరించిందని మాత్రం చెప్పలేము. కాలేయం విఫలమై పొట్టలో నీరు చేరిన స్థితిలో చికిత్సకు వచ్చేవారికి కొత్త మాత్రలతోపాటు రైబావిరిన్‌ను నేటికీ చేరుస్తారు. వారి విషయంలో హిమోగ్లోబిన్ పరీక్ష, గర్భనిరోధం షరతు, అన్నంతో మింగవలసిన మాత్రలు, ఆయాసం రాకుండా పనిని ముక్కలు చేసుకోవడం 1998లో ఎలా ఉన్నాయో ఇప్పుడూ ఇంచుమించు అలాగే కొనసాగుతున్నాయి. ఒక్క నీటి విషయంలోనే, పొట్టలో చేరిన నీరు కారణంగా, పాత సలహాను పక్కనపెట్టి ఎంత తాగాలో వైద్యుడు చెప్పవలసి ఉంటుంది.